స్కూల్ ఉన్న రోజుల్లో పిల్లల్ని టూర్‌కి తీసుకెళ్లాలంటే ఏం చేయాలి, మొదటి నుంచి చివరిదాకా

మన గుంటూరు విజయవాడ వైపు పిల్లలకి పెద్ద సెలవులంటే మూడే, దసరా, సంక్రాంతి, ఎండాకాలం. దసరాకి బెజవాడ వాళ్లకి కొండ మీద అమ్మవారి దర్శనానికి వచ్చే చుట్టాలతో ఇల్లు నిండిపోద్ది, సంక్రాంతికి ఎటూ సొంతూరు వెళ్లాల్సిందే, ఇక మే నెల సంగతి చెప్పక్కర్లేదు, రెంటచింతల ఎండలు మన పక్కనే, పిల్లల్నేసుకుని ఎక్కడ తిరుగుతాం. దీనికి తోడు ఇంట్లో వ్యాపారం ఏంటన్నది ఒకటి. బెజవాడ వస్త్రలత మార్కెట్‌లో బట్టల కొట్టు ఉన్నోళ్లకి దసరా, సంక్రాంతి అంటేనే సీజన్, కొట్టు వదిలి రాలేరు. మిర్చి కోతలున్న ఇళ్లకి జనవరి నుంచి మార్చి దాకా ఊపిరి ఆడదు. అందుకే "రెండు మూడు రోజులు స్కూల్ మానిపించి వెళ్లొద్దామా" అనే మాట ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఇంట్లో వచ్చిద్ది.

నేను గుంటూరు బ్రాడీపేటలో పిల్లలకి ట్యూషన్ చెప్తాను. టూర్ ఫోటోలు స్టేటస్‌లో అందరూ చూస్తారు గానీ వెళ్లొచ్చిన పిల్లాడు తర్వాత వారం లెక్కల పుస్తకం ముందు ఎలా కూర్చుంటాడో చూసేది మేము. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: తీసుకెళ్లొచ్చు, తప్పేం లేదు, అమ్మానాన్న ఇద్దరూ ఫోన్ పక్కన పెట్టి పిల్లలతో నాలుగు రోజులు ఉండటం చిన్న విషయం కాదు. కాకపోతే స్కూల్‌కి నిజం చెప్పి వెళ్లాలి, వచ్చాక పోయిన పాఠాలు పట్టించే బాధ్యత పెద్దోళ్లు తీసుకోవాలి. ఈ రెండూ చేయగలిగితేనే టికెట్లు చూడండి.

స్టెప్ 1: ముందు ఏ క్లాసో చూడండి

ఎల్కేజీ నుంచి 5వ తరగతి దాకా ఐతే మూడు నాలుగు రోజులు మానితే కొంప మునగదు, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పుకోగలిగిన పాఠాలే. 6 నుంచి 8 దాకా వెళ్లొచ్చు గానీ ఏ రోజులు అన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. 9వ తరగతిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, పబ్లిక్ పరీక్ష లేదు కదా అని, కానీ పదిలో వచ్చే లెక్కలకి, సైన్సుకి పునాది మొత్తం తొమ్మిదిలోనే పడిద్ది, అందుకని అక్కడ రెండు రోజులు మించొద్దు. 10వ తరగతి, ఇంటర్ ఐతే వద్దు. డిసెంబర్ కల్లా సిలబస్ అవగొట్టి రివిజన్‌లోకి దిగిపోతారు, ఫిబ్రవరి, మార్చిలో పరీక్షలు, మధ్యలో ఎక్కడ తప్పించినా పిల్లే కంగారు పడిద్ది.

ఇంట్లో పెద్దోడు పది, చిన్నది నాలుగు చదువుతుంటే? పెద్దోణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలేసి చిన్నదాన్ని తీసుకెళ్లిపోయిన వాళ్లని చూశాను, ఆ పిల్లాడు పైకి ఏమీ అనడు గానీ మనసులో పెట్టుకుంటాడు. పది పరీక్షలు అయ్యేదాకా ఆగండి, ఏప్రిల్‌లో చిన్నదానికి ఏడాది చివరి పరీక్ష ఎస్ఏ-2 పేపర్లు అయిపోగానే బయల్దేరండి, సెలవులకి ముందు మిగిలే ఆ కాసిన్ని రోజుల్లో కొత్త పాఠాలేం ఉండవు.

కార్పొరేట్ స్కూల్‌లో ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్ సెక్షన్లలో ఉన్న పిల్లలకి లెక్క వేరు. అక్కడ వారం వారం టెస్టులు, ఆ మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేస్తుంటారు. ఒక్క టెస్ట్ పోతే ఏమైద్దో ముందే అడిగి తెలుసుకోండి.

క్లాసుతో పాటు పిల్లాణ్ణి కూడా చూడండి. ఈ సంవత్సరమే స్కూల్ మారినోడు, ఇప్పటికే వెనకబడి ఉన్నోడు, ఈమధ్యే జ్వరంతో వారం మానినోడు ఐతే ఈసారికి ఆగితేనే మంచిది. ఇంకో విషయం, పిల్లల్నే అడగండి. యాన్యువల్ డే డాన్స్‌లో ఉందేమో, మండల స్థాయి ఖోఖో పోటీలకి సెలెక్ట్ అయ్యిందేమో, 8వ తరగతి గవర్నమెంట్ బడి పిల్ల ఐతే స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్ఎంఎంఎస్‌కి ప్రిపేర్ అవుతోందేమో. సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పకుండా టికెట్లు చేసేస్తే మీకు సంబరం, దానికి ఏడుపు.

స్టెప్ 2: హాజరు లెక్క వేయండి

విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు, 6 నుంచి 8 తరగతులకి 220 పనిదినాలు తగ్గకుండా ఉండాలి. 220 లో 75 శాతం అంటే 165 రోజులు. అబ్బో ఇంకా 55 రోజులు ఉన్నాయి కదా అనిపిస్తది, కానీ వానాకాలం జ్వరాలు, డెంగ్యూ, ఇంట్లో పెళ్లిళ్లు, తద్దినాలు అన్నీ అందులోంచే పోతాయి. మన దోమల సంగతి తెలిసిందే, సెప్టెంబర్ అక్టోబర్‌లో ఒక్క జ్వరానికే పది రోజులు పోయిన పిల్లలు ఎంతమందో.

75 శాతం ఎందుకు అంటారా, ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులకి హాజరు 75 శాతం ఉండాలి. పిల్లకి 15,000 చొప్పున, అందులో 2,000 స్కూల్ నిర్వహణకి పోను 13,000 తల్లి ఖాతాలో పడుతున్నాయి, టూర్ కోసం దాన్ని పోగొట్టుకోవటం ఎందుకు. సీబీఎస్ఈలో ఐతే 10, 12 బోర్డ్ పరీక్ష రాయాలన్నా 75 శాతం ఉండాలి. కాబట్టి క్లాస్ టీచర్‌ని "మా వాడు ఇప్పటిదాకా ఎన్ని రోజులు మానాడండీ" అని అడగండి, చెప్తారు.

స్టెప్ 3: తేదీలు, అసలు కష్టం ఇక్కడే

స్కూల్ డైరీ వెనకో ముందో అకడమిక్ క్యాలెండర్ ఉంటది, లేకపోతే అడిగి తీసుకోండి. స్టేట్ సిలబస్ ఐతే ఎఫ్ఏ-1 నుంచి ఎఫ్ఏ-4 దాకా చిన్న పరీక్షలు, మధ్యలో పెద్ద పరీక్ష ఎస్ఏ-1, చివర్లో ఎస్ఏ-2. సీబీఎస్ఈ ఐతే పీరియాడిక్ టెస్టులు, హాఫ్ ఇయర్లీ, యాన్యువల్. ఈ తేదీలన్నీ ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గీసేయండి. పరీక్షకి ముందు వారం కూడా గీసేయండి, ఎందుకంటే ముఖ్యమైన ప్రశ్నలు చెప్పేది, డౌట్లు తీర్చేది ఆ వారంలోనే.

మిగిలిన వాటిలో అన్నిటికన్నా మంచి రోజులు పరీక్షలు అయిపోయిన వెంటనే వచ్చే రెండు రోజులు. టీచర్లు పేపర్లు దిద్దుకుంటూ ఉంటారు, కొత్త పాఠం నెమ్మదిగా మొదలవుద్ది. ఆ తర్వాత మంచివి దసరా, సంక్రాంతి సెలవులకి ముందు ఒకట్రెండు రోజులు. సెలవుల తర్వాత మాత్రం తప్పించకండి, తెరిచిన రోజు నుంచే స్పీడు పెంచుతారు, అందరూ వచ్చాక మీవాడొక్కడే రెండు రోజులు ఆలస్యంగా వెళ్తే కనపడతాడు కూడా. రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చేలా శుక్రవారం, సోమవారం తీసుకోవటం అందరూ చేసేదే, అయితే ఒక జాగ్రత్త, వానలకో తుఫానుకో సెలవులిస్తే ఆ రోజుల్ని తర్వాత రెండో శనివారాల్లో బడి పెట్టి సర్దేస్తుంటారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలప్పుడు విజయవాడలో ఎన్ని బడి రోజులు పోయాయో గుర్తుందిగా. అలాంటి ఏడాది రెండో శనివారాన్ని నమ్ముకుని టికెట్లు తీయొద్దు.

జూన్‌లో తెరిచిన మొదటి వారం ఏం చెప్తార్లే అనుకుంటారు చాలామంది. ఆ వారంలోనే మొదటి పాఠం మొదలవుద్ది. అందులోనూ గవర్నమెంట్ బడిలో 6వ తరగతికి హిందీ కొత్తగా వచ్చిద్ది, అక్షరాలు, మాత్రలు మొదటి నెలల్లోనే చెప్తారు, అవి రాకపోతే పిల్ల ఏడాదంతా హిందీ పీరియడ్‌లో తల వంచుకుని కూర్చుంటది.

లెక్కల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ట్యూషన్‌కి వచ్చే టూర్ పిల్లల్లో దెబ్బ తగిలేది ఎప్పుడూ ఇక్కడే. చాప్టర్ చివర్లో రెండు రోజులు మానితే పెద్ద నష్టం లేదు, అప్పటికి ఎక్సర్‌సైజులు చేయిస్తుంటారు, ఇంట్లో చేసుకోవచ్చు. చాప్టర్ మొదటి రెండు రోజులు మానితేనే ప్రమాదం. సమీకరణాల చాప్టర్ తీసుకోండి, ఇటువైపు ప్లస్ అటువైపు వెళ్తే మైనస్ ఎందుకవుద్దో టీచర్ చెప్పేది మొదటి రోజే. ఆ రోజు లేని పిల్ల తర్వాత పక్కనోళ్లని చూసి గుర్తులు మారుస్తూ పోద్ది, జవాబు కూడా వచ్చేస్తది, ఎందుకో మాత్రం తెలీదు, పై క్లాసులో దొరికిపోద్ది. భిన్నాలు కూడా అంతే, హారాలు సమానం చేయటం చెప్పిన రోజు లేకపోతే మిగతా చాప్టర్ అంతా బట్టీ పట్టాల్సొచ్చిద్ది. అందుకని తేదీ ఖాయం చేసే ముందు లెక్కల టీచర్‌ని ఒక్క ప్రశ్న అడగండి, "ఫలానా వారం ఏ చాప్టర్‌లో ఉంటారండీ" అని. సోషల్, ఇంగ్లిష్ లాంటివి పుస్తకం చదివి పట్టుకోవచ్చు, వాటి గురించి దిగులొద్దు.

స్టెప్ 4: స్కూల్‌కి చెప్పటం, నిజమే చెప్పండి

"జ్వరం అని రాసేయండి, ఎవరడుగుతారు" అని సలహా ఇచ్చేవాళ్లు వీధికి నలుగురుంటారు. దయచేసి ఆ పని చేయకండి. అబద్ధం రాసేది మీరు, మోయాల్సింది ఆ ఏడేళ్ల పిల్ల. "మిస్ అడిగితే జ్వరమని చెప్పు, అరకు వెళ్లామని ఎవరికీ చెప్పకు" అంటే అది చూసిన గుహల గురించి, ఎక్కిన రైలు గురించి పక్క బెంచీ పిల్లకి కూడా చెప్పుకోలేదు, చెప్తే భయం, చెప్పకపోతే బాధ. అయినా దాగుద్దా, మీ స్టేటస్ చూసేది స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఉన్న అమ్మలే. రేపు నిజంగా డెంగ్యూ వచ్చి మానితే ఆ లెటర్‌ని కూడా టీచర్ అనుమానంగానే చూస్తారు. లేని తాతయ్యకి ఆరోగ్యం బాలేదని రాయటం, తెలిసిన డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ రాయించటం ఇంకా పెద్ద తప్పు.

ఎలా చెప్పాలంటే, రెండు మూడు వారాల ముందు, సాయంత్రం బడి వదిలాక వెళ్లండి. పొద్దున గేటు దగ్గర టీచర్‌ని ఆపి అడిగితే ఆవిడకి వినే తీరిక ఉండదు. ముందు క్లాస్ టీచర్‌కి చెప్పండి, పర్మిషన్ ఇచ్చేది మాత్రం హెడ్‌మాస్టరో ప్రిన్సిపాలో కాబట్టి టీచర్‌తో వాదన పెట్టుకోవద్దు, ఆవిడ చేతిలో లేదది. లెటర్ ఇలా ఉంటే చాలు:

"ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారం. మా అమ్మాయి 6వ తరగతి బి సెక్షన్ చదువుతోంది. మా కుటుంబమంతా కలిసి హంపి యాత్రకి వెళ్తున్నాం. శుక్ర, సోమ వారాలు రెండు రోజులు సెలవు ఇప్పించమని కోరుతున్నాను. మా వ్యాపారం వల్ల పండగ సెలవుల్లో వెళ్లటం కుదరట్లేదు. ఆ తేదీల్లో పరీక్షలు లేవని చూసుకున్నాం. పోయిన పాఠాలు, నోట్సు మేము దగ్గరుండి పూర్తి చేయిస్తాం. ఇట్లు, తల్లి."

కింద తేదీలు, ఫోన్ నంబర్, సంతకం. అంతే, అంతకన్నా బతిమాలక్కర్లేదు. ఒక కాపీ ఫోటో తీసి పెట్టుకోండి.

ఒప్పుకోకపోతే? కారణం అడగండి. ఆ రోజు ఇన్‌స్పెక్షన్ ఉందనో, టెస్ట్ ఉందనో చెప్తే తేదీ మార్చుకోండి, మీకే మంచిది. ఊరికే "మా రూల్ అంతే" అంటే ఒక్క రోజుకి తగ్గించి అడిగి చూడండి. కొన్ని ప్రైవేట్ స్కూళ్లు రోజుకింత అని ఫైన్ వేస్తాయి, అది ముందే తెలుసుకుని రశీదు తీసుకోండి. సర్కారు ఫైన్ మాత్రం మన దగ్గర లేదు. పేరు తీసేస్తామని బెదిరిస్తే మాత్రం భయపడకండి, విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం 8వ తరగతి అయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయటానికి లేదు. అయితే ఈ మాటని ఆయుధంలా వాడొద్దు, ఏడాదంతా ఆ పిల్ల అక్కడే కూర్చోవాలి.

స్టెప్ 5: టికెట్లు

రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటది, 2024 నవంబర్ 1కి ముందు 120 రోజులుండేది. కాబట్టి తేదీ ఖాయమైన రోజే ఫోన్‌లో అలారం పెట్టుకోండి, రిజర్వేషన్ తెరిచే రోజు పొద్దున 8 గంటలకి. స్కూల్ పర్మిషన్ అప్పటికి రాకపోయినా టికెట్లు తీసేసుకోండి, రద్దు చేస్తే కొంత కోత పడిద్ది గానీ తత్కాల్ మీద ఆధారపడటం కన్నా నయం. 5 ఏళ్లలోపు పిల్లకి విడిగా బెర్త్ అడక్కపోతే టికెట్ అక్కర్లేదు, 5 నుంచి 12 లోపు ఐతే బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. రాత్రి ప్రయాణం ఐతే బెర్త్ తీసుకోండి, పదేళ్ల పిల్లాడు మీ పక్కన సర్దుకుని పడుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు.

తిరుపతి ఐతే 300 రూపాయల దర్శనానికి 12 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, ఆధార్ మాత్రం పట్టుకెళ్లండి. పెద్దోళ్ల టికెట్లు నెలల ముందే వదులుతారు కాబట్టి ముందు దర్శనం తేదీ దొరికించుకుని దాని చుట్టూ స్కూల్ సెలవు చూసుకోవాలి.

తిరుగు ప్రయాణం గురించి గట్టిగా చెప్తున్నా, బడికి వెళ్లాల్సిన రోజు తెల్లవారుజామున బెజవాడ స్టేషన్‌లో దిగి అట్నుంచటే యూనిఫాం వేసి పంపించే ప్లాన్ పెట్టుకోకండి. ఆ రోజు క్లాసులో కూర్చున్నా నిద్రే, రైలు లేటయితే ఇంకో రోజు పోయినట్టే. ముందురోజు మధ్యాహ్నానికి ఇంట్లో ఉండాలి.

స్టెప్ 6: ఎక్కడికి, అక్కడ ఏం చేయాలి

స్కూల్ మానిపించి మరీ వెళ్తున్నప్పుడు పిల్లలకి పుస్తకంలో ఉన్నది కళ్లతో కనపడే చోటు ఐతే నాకు సంతోషం. హంపి తీసుకోండి, నరసాపూర్ నుంచి హుబ్బళ్లి వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ విజయవాడ, గుంటూరు మీదుగానే పోద్ది, రాత్రి ఎక్కితే పొద్దున్నే హోస్పేటలో దిగుతారు. 50 రూపాయల నోటు మీద ఉన్న రాతి రథం ఎదురుగా నిలబడి ఆ నోటు పిల్లాడి చేతిలో పెట్టండి. పురావస్తు శాఖ కట్టడాలకి 15 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ కూడా ఉండదు. వెళ్లే ముందు ఒక ఆదివారం కొండవీడు ఎక్కి రండి, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట మన గుంటూరు పక్కనే ఉందని తెలిస్తే హంపిలో వాళ్ల చూపే మారిపోద్ది.

చెన్నై వెళ్లేవాళ్లు పిల్లల్ని బీచ్‌తో సరిపెట్టకుండా ఎగ్మోర్ మ్యూజియానికి తీసుకెళ్లండి, మన అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. శుక్రవారం మూసేస్తారు, శుక్రవారం లీవ్ పెట్టుకున్నోళ్లు చూసుకోవాలి. నాగార్జునకొండ మ్యూజియం కూడా శుక్రవారమే సెలవు, దానికైతే అసలు స్కూల్ మాన్పించక్కర్లేదు, ఒక ఆదివారం చాలు. అరకు చలికాలంలోనే బాగుంటది కాబట్టి నవంబర్, డిసెంబర్‌లో రెండు రోజులు మానిపించటంలో అర్థముంది, రత్నాచల్‌లో విశాఖ వెళ్లి మర్నాడు పొద్దున అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు ఎక్కితే సొరంగాలు పిల్లలు జన్మలో మర్చిపోరు.

అలాగని అక్కడ క్లాసు పెట్టకండి. ప్రతి స్తంభం దగ్గరా ఆపి ప్రశ్నలడిగితే టూరూ పోద్ది చదువూ పోద్ది. బ్యాగులో లెక్కల పుస్తకం, ఒక నోట్‌బుక్ చాలు, రైల్లో వెళ్లేటప్పుడు అరగంట, వచ్చేటప్పుడు అరగంట. మిగతా టైం వాళ్లని కిటికీ దగ్గర వదిలేయండి.

స్టెప్ 7: వచ్చాక మొదటి వారం

చాలామంది ఇక్కడ వదిలేస్తారు. బట్టలు ఉతుక్కోవటం, కొట్టు తెరవటంలో పడిపోయి పిల్లాడికి "నోట్సు రాసుకో" అని ఒక మాట చెప్పి ఊరుకుంటారు. వాడు రాత్రి పదకొండింటి దాకా ఆరు సబ్జెక్టుల రన్నింగ్ నోట్స్ ఎక్కిస్తూ కూర్చుంటాడు, చేయి నొప్పి తప్ప ఒక్క ముక్క ఎక్కదు. అలా వద్దు.

దిగిన సాయంత్రమే క్లాసులో నమ్మకంగా రాసే పిల్ల వాళ్ల అమ్మకి ఫోన్ చేసి పేజీలు ఫోటో తీసి పంపమనండి. టీచర్ని రోజూ వాట్సాప్‌లో అడిగి విసిగించొద్దు, ఆవిడకి నలభై మంది. ఫోటోలు వచ్చాక మీరు కూర్చుని చూడండి, ఏ సబ్జెక్టులో కొత్తది మొదలైంది, దేంట్లో పాతదే సాగింది. లెక్కలు మొదట, బడికి వెళ్లేలోపే, రాత్రి భోజనానికి ముందు గంట. పుస్తకంలో సాధించి చూపించిన లెక్కలు పిల్లే మీకు వివరించాలి, ఎక్కడ ఆగిపోయిందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి మర్నాడు టీచర్ దగ్గరికి ఆ పేజీ పట్టుకునే వెళ్లమనండి. "నాకు రాలేదు" అంటే టీచర్ ఎక్కడ మొదలుపెట్టాలి, "ఈ లైను అర్థం కాలేదు" అంటే రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. రెండో రోజు సైన్సు, మూడో రోజు హిందీ, తెలుగు. సోషల్ ఆదివారం. నోట్సు రోజుకి ఒక్క సబ్జెక్టే ఎక్కించాలి. జిరాక్స్ తీసి అంటిస్తే ఒప్పుకుంటారేమో అడగండి, కొందరు టీచర్లు ఒప్పుకుంటారు, కొందరికి చేత్తో రాసిందే కావాలి, నోట్‌బుక్‌లకి, ప్రాజెక్టులకి కూడా మార్కులుంటాయి కాబట్టి వాళ్లు చెప్పినట్టే చేయండి.

స్లిప్ టెస్ట్ ఏదైనా పోతే మళ్లీ పెట్టమని మర్యాదగా అడగండి, కుదరదంటే వదిలేయండి, ఇంట్లో అదే పేపర్ రాయించండి. తిరుపతి వెళ్లొస్తే టీచర్‌కి, క్లాసు పిల్లలకి కాస్త ప్రసాదం పంపండి, నిజం చెప్పి వెళ్లినందుకు ఆ పిల్ల ఎంత దర్జాగా పంచిపెడుతుందో చూడండి.

రెండు వారాల తర్వాత ఒకసారి స్కూల్‌కి వెళ్లి "మా పిల్ల అందుకుందా అండీ, ఎక్కడన్నా వెనకబడిందా" అని లెక్కల టీచర్‌ని, క్లాస్ టీచర్‌ని అడగండి. అందుకోలేదంటే ఆ చాప్టర్ ఒక్కటీ మళ్లీ మొదటి నుంచి, రోజుకి పది లెక్కలు, పక్కన అమ్మో నాన్నో కూర్చుని చేయించండి, తర్వాత ఎఫ్ఏ వచ్చేలోపు సర్దుకుంటది.